గండిపేట, హిమాయత్‌సాగర్, అమీన్‌పూర్: చలికాలం నడకకు, నీటి పక్షులకు ఏది, ఏ వేళలో?

కోకాపేట_నడక అడిగినది:

నమస్తే అండీ. ఈ చలికాలం ఆదివారాలు నాన్నగారినీ, తొమ్మిదేళ్ల పాపనీ వెంటబెట్టుకుని చెరువుల దగ్గర నడుద్దామనుకుంటున్నాం. హైదరాబాద్‌లో మాకు అందుబాటులో ఉన్నవి గండిపేట, హిమాయత్‌సాగర్, అమీన్‌పూర్, దుర్గం చెరువు. నడకతో పాటు పక్షులూ కనబడాలి. గండిపేట కట్ట వైపు నుంచి చూస్తే దూరంగా నల్లటి చుక్కలు తప్ప ఏమీ పోల్చుకోలేకపోతున్నాం. బైనాక్యులర్స్ కొనాలి, 10×50 చాలా, 20× ఉండాలా? నాన్నగారికి మోకాళ్ల నొప్పి, ఎగుడుదిగుడు దారి కష్టం. తెలిసినవాళ్లు చెప్పగలరు.

శిఖం_వైపు:

చెరువు పేరు తర్వాత, ముందు ఆ వారం నీటిమట్టం చూడండి. గండిపేట ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.50. జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) రోజూ లెక్క ఇస్తుంది, వానాకాలంలో పేపర్లలోనూ వస్తుంది. మట్టం ఎఫ్‌టీఎల్ దాకా ఉంటే నీళ్లు గడ్డిని, తుమ్మచెట్లను తాకుతూ ఉంటాయి, బురద అంచే ఉండదు. చిన్న ఉల్లంకి పిట్టలు (శాండ్‌పైపర్లు) రెండు అంగుళాల నీళ్లు దాటితే నిలబడి మేయలేవు. బురదలో పురుగు దొరకని చోట అవి ఎందుకు దిగుతాయి? 2020 అక్టోబర్ వానలకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు గుర్తుందా, అలాంటి ఏడాది డిసెంబర్‌లో వెళ్తే నీళ్లు సముద్రంలా ఉంటాయి కానీ ఒడ్డున మేసే పిట్టలు తక్కువ. అవి ఫిబ్రవరి, మార్చిలో నీళ్లు వెనక్కి తగ్గాక చేరతాయి. మట్టం ఎఫ్‌టీఎల్‌కు మూడు నాలుగు అడుగులు కిందికి దిగిందంటే బయల్దేరవచ్చు. అమీన్‌పూర్ లాంటి చెరువుకు రోజువారీ లెక్క ఉండదు. అక్కడ మత్తడి (నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగు) దూకుతోందా లేదా అన్నదే కొలత.

ఇక ఆ నల్లటి చుక్కలు. ఏ చెరువైనా కట్ట దగ్గర లోతు, శిఖం (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేల) వైపు పలచన. కట్ట దగ్గరి లోతులో ఉండేవి మునిగి తినేవే. వీపు గుండ్రంగా, నుదుట తెల్లమచ్చతో తేలుతుంటే బొల్లికోడి. ఒళ్లంతా దాదాపు నీళ్లలో మునిగి, మెడ మాత్రం కర్రలా నిలబెడితే నీటికాకి. పిడికెడంత ఉండి, చూస్తుండగానే బుడుంగున మునిగి ఇంకోచోట తేలితే మునుగుడు కోడి. వలస బాతులు, ఉల్లంకులు, కొంగలు కావాలంటే మాత్రం వాగు వచ్చి కలిసే పలచటి వైపు పోవాలి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. మూసీ పడమటి నుంచి తూర్పుకు పారుతుంది కాబట్టి గండిపేట కట్ట తూర్పున ఉంది, శిఖం పడమట ఉంది. పొద్దున శిఖం వైపు నిలబడి నీళ్లలోకి చూస్తే ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది, పక్షులన్నీ నల్ల బొమ్మలే. అందుకని పొద్దున 6:45 నుంచి 9 దాకా కట్ట వైపు, పార్కు వైపు నడవండి, సూర్యుడు వీపు మీద ఉంటాడు. శిఖం వైపు వెళ్లాలంటే మధ్యాహ్నం మూడున్నర తర్వాత వెళ్లి, ఐదున్నరకల్లా తిరిగి వచ్చేయండి. డిసెంబర్‌లో పావుతక్కువ ఆరుకే పొద్దు గుంకుతుంది.

లెన్సు_గుడ్డ:

20× జోలికి పోవద్దు. చేతి వణుకు కూడా ఇరవై రెట్లు పెరుగుతుంది, స్టాండు లేకపోతే ఏదీ నిలవదు. పైగా 20×50లో కంటికి చేరే వెలుతురు వలయం 2.5 మిల్లీమీటర్లే (ముందు లెన్సు వెడల్పు 50 మిల్లీమీటర్లను 20 రెట్లతో భాగించండి). పొద్దున మసక వెలుతురులో బొమ్మ చీకటిగా ఉంటుంది. 8×42లో అది 5 మిల్లీమీటర్లు దాటుతుంది. 10×50 వెలుతురుకు మంచిదే కానీ బరువు. అరగంట మెడలో వేసుకుంటే పెద్దాయన తీసి మీ చేతిలో పెడతారు. మీకూ నాన్నగారికీ కలిపి ఒక 8×42, పాపకు ఒక 8×32 చాలు. పాపదాన్ని కొనేముందు రెండు గొట్టాలూ దగ్గరికి మడిచి తన కళ్లకే పెట్టి చూడండి. పిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ, చాలా పెద్ద మోడళ్లు అంత దగ్గరికి మడవబడవు. అప్పుడు రెండు వలయాలు విడివిడిగా కనబడి "నాకేం కనబడట్లేదు" అంటుంది, అందరూ పాపనే తప్పుబడతారు.

కొన్నాక చాలామంది వదిలేసే పని ఒకటుంది. కుడి గొట్టం మూత పెట్టి, ఎడమ కంటితో యాభై అడుగుల దూరంలో ఉన్న బోర్డు అక్షరాలు స్పష్టమయ్యేదాకా మధ్య చక్రం తిప్పండి. తర్వాత మూత ఎడమకు మార్చి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరుండే రింగు మాత్రమే తిప్పండి. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. నాన్నగారికి వేరే గీత, మీకు వేరే గీత. ఇది చేయకపోతే గంటసేపటికి తలనొప్పి ఖాయం. కళ్లద్దాలవాళ్లు రబ్బరు కప్పులు కిందికి దించాలి.

ఇంకో మాట. పది దాటాక నీళ్ల మీద గాలి వేడెక్కి బొమ్మ అలలాడుతుంది. అది లెన్సు లోపం కాదు, షాపుకు తిరిగి పోకండి.

మత్తడి_కింద:

పై రెండూ సరే. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిని శిఖం వైపు నడిపించమనడం మాత్రం నేనొప్పుకోను. నీళ్లు తగ్గిన చోట పైన పొర ఎండి గట్టిగా, పగుళ్లు తేలి కనిపిస్తుంది, కింద ఒండ్రు ఇంకా పచ్చిగానే ఉంటుంది. కాలు పిక్క దాకా దిగితే చెప్పు లోపలే ఉండిపోతుంది. చేతికర్రతో పొడిచి చూసి, రెండంగుళాల కంటే ఎక్కువ దిగితే అక్కడే ఆగాలి. గడ్డి మోకాలెత్తు ఉన్నచోట అసలు దిగొద్దు, రక్తపింజర కదలకుండా పడుకుంటుంది. నీళ్లలో ఈదుతూ కనబడే నీరుకట్టు పాముకు విషం లేదు, దాన్ని చూసి కంగారుపడి పరుగెత్తి పడిపోవడమే ప్రమాదం.

నాన్నగారికి చదునైన దారి అంటే దుర్గం చెరువు ట్రాక్, గండిపేట పార్కు. దుర్గం చెరువు చుట్టూ రాతిగుట్టలు, ఒడ్డునుంచే లోతు, అందుకని అక్కడ బురదలో మేసే పిట్టలను ఆశించొద్దు. నీటికాకులు, లకుముకి పిట్టలు ఉంటాయి. అమీన్‌పూర్ 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు, నాలుగింటిలో దగ్గరగా పక్షులు కనబడేది నా లెక్కలో అదే. అయితే చుట్టూ తిరిగే దారి అనుకుని పోకండి. ఒక చోట కూర్చుని చూసే చెరువు అనుకోండి, మడత కుర్చీ పట్టుకెళ్లండి.

హిమాయత్‌సాగర్‌కు వెళ్తే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద బండి ఆపి ఫొటోలు తీయొద్దు, ప్రాణానికి ప్రమాదం. గేట్లు ఎత్తిన రోజుల్లో పక్క సర్వీస్ రోడ్డు మూసేస్తారు, అది కనుక్కుని బయల్దేరండి.

పక్షుల వైపు నేరుగా నడవకండి. పక్కగా, ఎక్కడికో పోతున్నట్టు ఏటవాలుగా నడవాలి. మేస్తున్న బాతులు తలలెత్తి మెడలు నిలబెట్టాయంటే మీరు హద్దు దాటారు. అక్కడే రెండు నిమిషాలు నిలబడండి, మళ్లీ తలలు దించితేనే ఇంకో నాలుగడుగులు. లేపితే మంద మొత్తం చెరువు మధ్యకు పోతుంది, మీ వెనక వచ్చేవాళ్లకూ ఏమీ మిగలదు. పాపకు బ్రెడ్డు, మరమరాలు ఇచ్చి విసరమనకండి. నీళ్లు పాడవుతాయి, కుక్కలు మూగుతాయి.

కోకాపేట_నడక:

చాలా థాంక్స్ అండీ అందరికీ. 8×42 తీసుకుంటాం. ఒక్క సందేహం: ఒడ్డున తిరిగే చిన్న గోధుమరంగు పిట్టలన్నీ నాకు ఒకేలా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

శిఖం_వైపు:

మూడు ఉల్లంకులతో మొదలుపెట్టండి, రంగు కంటే నడత చూడండి. తోక భాగాన్ని ఆపకుండా ఊపుతూ, రొమ్ము తెలుపు భుజం ముందు దాకా పైకి పాకినట్టు ఉంటే కామన్ శాండ్‌పైపర్, తరచూ రాళ్ల దగ్గర ఒంటరిగా ఉంటుంది. వీపు మీద చుక్కలు, కంటి పైన పొడుగు తెల్లగీత, పసుపుపచ్చటి కాళ్లు ఉంటే వుడ్ శాండ్‌పైపర్. వీపు నల్లగా ఉండి, ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లటి పట్టీ భగ్గుమంటే గ్రీన్ శాండ్‌పైపర్, దీన్ని తూము కింద కాలవల్లో వెతకండి. రెండడుగులు పరుగెత్తి టక్కున ఆగి మళ్లీ పరుగెత్తేది వేరే జాతి, ప్లోవర్. కంటి చుట్టూ పసుపు వలయం ఉంటే లిటిల్ రింగ్డ్ ప్లోవర్.

బాతుల విషయంలో అక్టోబర్‌లో కష్టపడకండి. అప్పుడు మగవాటికి కూడా ఆడవాటి లాంటి ఈకలే. డిసెంబర్‌కు మగవాటి రంగులు వస్తాయి. సూదిలా పొడుగు తోక పిన్‌టెయిల్, గరిటెలాంటి ముక్కు షవలర్. ముక్కు చివర పసుపు ఉంటే స్పాట్‌బిల్, అది వలస కాదు, ఇక్కడిదే.

లెక్కపెట్టడం పాపకు నేర్పాలంటే ముందు పది పక్షుల్ని వేళ్లతో ఎంచమనండి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో చూసి మంద మొత్తం మీద అలాంటి ముక్కలెన్నో చెప్పమనండి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనలో మందల్ని లెక్కగట్టేది ఈ పద్ధతిలోనే, 1987 నుంచి జరుగుతోంది అది. ఈబర్డ్‌లో (చూసిన పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) ఎక్కించేటప్పుడు నడిచిన దూరం, పట్టిన సమయం తప్పకుండా రాయండి. నీటిమట్టం కూడా వ్యాఖ్యలో వేస్తే వచ్చే ఏడాది మీకే పనికొస్తుంది.