కడప బండ లెక్క: సమతాస్థితి స్థిరాంకం కే విలువ 0.95 వస్తాంది, తప్పెక్కడ?

ప్రొద్దుటూరు_బీఎస్సీ:
సున్నపురాయి విడిపోయి సున్నం, కార్బన్ డయాక్సైడ్ వచ్చే చర్యకు 298 కెల్విన్ దగ్గర డెల్టా జీ నాట్ (గ్యాస్ 1 బార్ ఉండే ప్రామాణిక స్థితిలో స్వేచ్ఛాశక్తి మార్పు) +130.4 కిలోజౌళ్లు. డెల్టా జీ నాట్ = −ఆర్‌టీ ఎల్‌ఎన్ కే (ఆర్ వాయు స్థిరాంకం, టీ కెల్విన్‌లలో ఉష్ణోగ్రత, ఎల్‌ఎన్ సహజ లాగ్) అని వేస్తే కే 0.95 వస్తాంది. ధన విలువ అంత పెద్దదైతే కే ఇంత ఎట్లొస్తాది అన్నా? ఇంకోటి, ఎంథాల్పీ 178.3 కిలోజౌళ్లను ఎంట్రోపీ కెల్విన్‌కు 160.5 జౌళ్లతో భాగిస్తే 1111 కెల్విన్, అంటే 838 సెల్సియస్. అంతకు తక్కువలో రాయి కాలనే కాలదా?

బట్టీ_లెక్కలు:
ఘనపదార్థాల యాక్టివిటీ (లెక్కలో గాఢత బదులు వేసే విలువ) 1 గనక ఇక్కడ కే అంటే బార్‌లలో కార్బన్ డయాక్సైడ్ పీడనమే. గాలిలో అది 0.0004 బార్ మాత్రమే. నీ 0.95 నిజమైతే ఇంట్లో పరిచిన కడప బండలు (అవీ సున్నపురాయే) గది వేడికే సున్నం కావాల. ఆర్ 8.314 జౌళ్లలో ఉంది, నువ్వు కిలోజౌళ్లు అట్లే పెట్టినావు. 130400 ÷ (8.314 × 298.15) = 52.6. దానికి మైనస్ పెట్టి ఘాతం తీస్తే కే 1.4 × 10⁻²³.

లాగ్_టేబుల్:
క్యాలిక్యులేటర్ లేకుండా సరిచూసుకోవాలంటే, 298 దగ్గర ప్రతి 5.7 కిలోజౌళ్లకూ కే పది రెట్లు మారుతుంది. 130.4ను 5.7తో భాగిస్తే దాదాపు 23, అంటే పదికి మైనస్ 23 ఘాతం. లాగ్ వాడి 2.303 మరిచిపోయేవాళ్లూ ఇక్కడే దొరికిపోతారు. పట్టికలో ఒక్క కిలోజౌల్ తేడా ఉన్నా కే ఒకటిన్నర రెట్లు మారుతుంది, కాబట్టి పుస్తకం జవాబుతో చివరి అంకె కలవలేదని తల పట్టుకోవద్దు.

బట్టీ_లెక్కలు:
రెండో ప్రశ్న ఇంకా మిగిలింది. 838 దగ్గర సున్నా అయ్యేది డెల్టా జీ నాట్, డెల్టా జీ (అప్పుడున్న పీడనం దగ్గరి మార్పు) కాదు. అక్కడ కే 1, అంటే రాయి మీద గ్యాస్ 1 బార్ ఉంటే సమతాస్థితి. బట్టీలో 0.25 బారే ఉందనుకో, డెల్టా జీ నాట్‌కు ఆర్‌టీ ఎల్‌ఎన్ క్యూ (క్యూ అంటే ఇప్పుడున్న గ్యాస్ పీడనం, ఇక్కడ 0.25) కలిపితే 763 సెల్సియస్‌కే డెల్టా జీ సున్నా దాటి కిందికి పోతుంది.

ప్రొద్దుటూరు_బీఎస్సీ:
అయితే బట్టీలను 900 పైన ఎందుకు మండిస్తారు?

బట్టీ_లెక్కలు:
రెండు కారణాలు. ఎంథాల్పీ, ఎంట్రోపీ వేడితో మారవనుకుని 838 తీసినాం. నిజానికి 1 బార్ వచ్చేది 900కు దగ్గర్లో. రెండోది వేగం: రాయి గుండెదాకా వేడి పోవాల, లోపలి గ్యాస్ బయటికి రావాల. కే వేగం గురించి ఏమీ చెప్పదు. అట్లని మరీ మండిస్తే సున్నం గట్టిపడి, నీళ్లు పోసినా తొందరగా పొడి కాదు.