పాలకూరలో పీచు తీసేస్తే కార్బ్స్ లెక్క మైనస్‌లోకి పోతోంది, ఎక్కడ తప్పుతున్నాను?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఆయనకి షుగర్ వచ్చి నాలుగేళ్ళయింది. డాక్టరు గారితో చెప్పే పిండిపదార్థాలు తగ్గించాం. అన్నం ఒక పూటే, అదీ ఒక గరిటె. కూరల్లో ఉండే పిండిపదార్థాలు, అదే కార్బ్స్, నేనే నోటుపుస్తకంలో రాస్తుంటాను. అమెరికాలో ఉన్న మా చెల్లెలు "పీచు షుగర్ పెంచదు, మొత్తం కార్బ్స్‌లోంచి అది తీసెయ్, మిగిలిందే రాసుకో" అంది. హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2017లో వేసిన పట్టిక చూసి అలాగే చేస్తున్నా. అందులో పాలకూర వంద గ్రాములకి కార్బ్స్ సుమారు 2, పీచు 2.4. తీసేస్తే సున్నాకన్నా తక్కువ వస్తోంది! ఇదెలా కుదురుతుంది? ఇన్నాళ్ళూ రాసిందంతా తప్పేనా?

జవాబు 1:
అండీ, మీరు ఒకసారి తీసేసిన పీచునే మళ్ళీ తీస్తున్నారు. అంతే.

పట్టికలో కార్బ్స్ అంకె ఎలా వస్తుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది. ఆకులో నీరు, మాంసకృత్తులు, కొవ్వు, కాల్చాక మిగిలే బూడిద కొలుస్తారు. వందలోంచి ఇవి తీసేయగా మిగిలేది కార్బ్స్. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ పట్టికలో ఆ మిగులులోనే పీచు కలిసి ఉంటుంది. అందుకే పాలకూరకి వాళ్ళ అంకె 3.6, పీచు 2.2, తీసేస్తే 1.4. ఎన్‌ఐఎన్ 2017 పట్టికలో పీచుని కూడా విడిగా కొలిచి, తీసేశాకే కార్బ్స్ వేశారు. ఆ 2 గ్రాములు ఉన్నదున్నట్టు రాసుకోవడమే. మీ చెల్లెలు చెప్పిందీ నిజమే, కాకపోతే అది ఆవిడ చూసే పట్టికకి.

ఫోన్ యాప్‌లలో ఈ రెండు రకాల అంకెలూ కలిసిపోయి ఉండొచ్చు. ఏదైనా ఒక కూరకి కార్బ్స్ కన్నా పీచు ఎక్కువ కనిపించిందంటే, అక్కడ పీచు ముందే తీసేసినట్టు. ప్యాకెట్లతోనూ ఇదే గొడవ. అమెరికా ప్యాకెట్ మీది కార్బ్స్‌లో పీచు కలిసి ఉంటుంది, బ్రిటన్, యూరప్ ప్యాకెట్ మీద ఉండదు.

మీ పాత లెక్క గురించి: రోజుకి 400 గ్రాముల కూరలు, వందకి సగటున 3 గ్రాముల పీచు అనుకుంటే రోజుకి 12 గ్రాములు తక్కువ రాసుంటారు. కంగారు పడేంత కాదు గానీ, దిద్దుకోవాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
హమ్మయ్య, ఇప్పుడు తెలిసింది! ఇంకొక్కటి. వంకాయలో కార్బ్స్ తక్కువే కదా, గుత్తివంకాయ చేసిన రోజు మాత్రం ఆయనకి తిన్న రెండు గంటలకి షుగర్ ఎక్కువ చూపిస్తోంది. అన్నం ఎప్పటిలాగే ఒక గరిటె.

జవాబు 2:
నలుగురికి వండే కూర లెక్క వేసి చూద్దాం అక్కా. ఇవి అమెరికా పట్టిక అంకెలు, పీచు తీసేశాకవి. వంకాయలు అరకిలో, వందకి 2.9 చొప్పున 14.5 గ్రాములు. పెద్ద ఉల్లిపాయలు రెండు, 200 గ్రాములు, వందకి 7.6 చొప్పున 15. అంటే వంకాయలన్నిటికన్నా ఉల్లిపాయలదే కాస్త ఎక్కువ! 20 గ్రాముల చింతపండు గుజ్జులో 11 పైన. చిన్న బెల్లం ముక్క 10 గ్రాములు వేస్తే దాదాపు అంతా చక్కెరే. పల్లీలు 50 గ్రాములకి 4. మొత్తం 55, మనిషికి 14 గ్రాములు. బెల్లం మానేసి ఒక్క ఉల్లిపాయతో చేయండి, మనిషికి తొమ్మిదిన్నర అవుతుంది. చింతపండు నేనైతే తగ్గించను, పులుపు లేని గుత్తివంకాయ ఏం బాగుంటుంది?

వేపుళ్ళలో చల్లే శనగపిండిని కూడా మర్చిపోకండి. రెండు పెద్ద చెంచాలు, అంటే 20 గ్రాములకి 9 పైనే. నేను చాలాకాలం కాకరకాయ వేపుడంటే లెక్కే ఉండదనుకుని ధైర్యంగా పెట్టాను. కాకరకాయలో నిజంగానే వందకి ఒక గ్రాము కూడా లేదు, ఉన్నదంతా నేను చల్లిన పిండిలోనే.

జవాబు 3:
తూకం ఎప్పుడు వేస్తున్నారో కూడా చూసుకోండి. తొడిమలు, తొక్కలు తీసి, తరిగాక, వండకముందు తూచాలి. వేపుడులో నీరు ఎగిరిపోయి బరువు తగ్గుతుంది గానీ కార్బ్స్ గిన్నెలోనే ఉంటాయి. అరకిలో బెండకాయలు వేగి 300 గ్రాములకి దిగాయనుకోండి. అప్పుడు వంద గ్రాములు తూచి పచ్చి బెండకాయ అంకె రాస్తే సగానికి కొంచెం పైన మాత్రమే రాసినట్టు. ములక్కాడల్లో మనం నమిలి పారేసే పిప్పి ఎటూ లెక్కలోకి రాదు.

జవాబు 1 ఇచ్చినవారు:
ఒక్క మాట అడగాలి. ఆయన ఏం మాత్రలు వేసుకుంటున్నారు? ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఉంటే, తిండిలో కార్బ్స్ తగ్గినప్పుడు మందూ తగ్గించాల్సి రావచ్చు. లేకపోతే షుగర్ మరీ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకమైతే ఇంకా జాగ్రత్త. కార్బ్స్ బాగా తగ్గించినవాళ్ళలో, మీటర్ మీద పెద్ద అంకె చూపించకపోయినా రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ప్రశ్న అడిగినవారు:
గ్లిమెపిరైడ్ ఉందండీ, పొద్దున పూట. అన్నం తగ్గించామని డాక్టరు గారికి తెలుసు గానీ ఎంత తగ్గించామో చెప్పలేదు. మధ్యలో రెండుసార్లు పదకొండు గంటలప్పుడు చెమటలు పట్టి చేతులు వణికాయన్నారు, నీరసం అనుకున్నాం. రేపే ఫోన్ చేసి ఈ నోటుపుస్తకం పట్టుకుని వెళ్తాం.

జవాబు 1 ఇచ్చినవారు:
రేపటిదాకా ఎందుకండీ, ఇవాళే ఫోన్ చేయండి, రేపు పొద్దున మాత్ర వేయాలో వద్దో డాక్టరు గారినే అడగండి. మళ్ళీ వణుకు వస్తే వెంటనే మీటర్‌తో చూడండి. 70కి తక్కువుంటే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడండి. ఆ పూటకి కార్బ్స్ లెక్క పక్కన పెట్టేయండి.