రోమ్‌లో ఒక్క రోజు నడక: వాటికన్ ముందా, కొలోసియం ముందా?

ఎంవీపీ_సెక్టార్6
నమస్తే అండి. అక్టోబరు మొదటి వారంలో అమ్మతో రోమ్ వెళ్తున్నాను. చేతిలో ఉన్నది ఒక్క గురువారమే. బస టెర్మినీ స్టేషన్ దగ్గర. అమ్మకు అరవై రెండేళ్లు. రోజూ మా విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి పార్క్ హోటల్ దాకా వెళ్లి వస్తుంది, నడకంటే భయం లేదు. కొలోసియం, పాంథియాన్ (పురాతన గుమ్మటపు గుడి), ట్రెవీ ఫౌంటెన్, వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి నాలుగూ నడిచి చూడగలమా? పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం.

డాల్ఫిన్‌నోస్
చూడొచ్చు. కాకపోతే టెర్మినీకి దగ్గర కదా అని కొలోసియంతో మొదలుపెట్టకండి. దాని టికెట్ మీద ప్రవేశ వేళ రాసి ఉంటుంది, మధ్యాహ్నం వెళ్లినా మీ చోటు మీదే. సెయింట్ పీటర్స్ ప్రవేశం ఉచితం, కానీ భద్రతా తనిఖీ కోసం క్యూ కట్టాలి. పొద్దెక్కేకొద్దీ అది చౌకు చుట్టూ పెరిగిపోతుంది.

ఆ చర్చి తలుపులు ఉదయం ఏడింటికి తీస్తారు. టెర్మినీలో మెట్రో ‘A’ లైను, బత్తిస్తినీ వైపు రైలెక్కి ఆరో స్టేషన్ ఒట్టావియానోలో దిగండి. అక్కణ్నుంచి పది నిమిషాల నడక. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. అమ్మగారి చీరతో పేచీ లేదు, మీరే షార్ట్స్ మానండి. ఆ తర్వాత నడుస్తూ వెనక్కి రండి: సాంత్ ఆంజెలో వంతెన మీదుగా నది దాటి నవోనా చౌకు, అక్కణ్నుంచి పాంథియాన్. మొత్తం రెండు కిలోమీటర్ల పైచిలుకు. పాంథియాన్ టికెట్ 2023లో పెట్టినప్పుడు 5 యూరోలు. గుమ్మటం వెడల్పు, నేల నుంచి ఎత్తు రెండూ సుమారు 43 మీటర్లే. నడినెత్తిన కన్నం తెరిచే ఉంటుంది కాబట్టి వాన పడితే కింద నేల జారుతుంది, జాగ్రత్త.

సిరిపురం_జంక్షన్
పై వరస బాగుంది. కొలోసియానికి రెండున్నర ప్రాంతం స్లాట్ తీసుకోండి, అంతకన్నా ఆలస్యం వద్దు. చలికాలం దగ్గరపడేకొద్దీ ఇంకా త్వరగా మూసేస్తారు, పక్కనే ఉన్న ఫోరం (పాత రోమ్ శిథిలాలు) కూడా అదే టికెట్‌లో ఉంది. ధర 18 యూరోలు, అధికారిక సైట్‌లో నెల ముందు పెడతారు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, ఇంటిపేరుతో సహా. మన పాస్‌పోర్టుల్లో గివెన్ నేమ్, సర్‌నేమ్ తారుమారయ్యేది ఇక్కడే. గాజు సీసాలు, పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు.

బీచ్ రోడ్డు నడకను లెక్కలోకి తీసుకోకండి. అది చదునైన దారి. రోమ్ వీధుల్లో పరిచేవి సాంపియెత్రినీ అనే నల్లరాతి దిమ్మలు, మధ్య సందులుంటాయి. పల్చటి అడుగున్న చెప్పులైతే సాయంత్రానికి అరికాళ్లు మండుతాయి. మందపాటి అడుగున్న, ముందే నాలుగు వారాలు వాడిన బూట్లే వేయించండి. ఫోరం పక్కనున్న పాలటైన్ కొండ ఎక్కడం ఆవిడకు వదిలేయొచ్చు.

నీళ్లు కొనొద్దు. వీధుల్లో నసోనీ అనే ఇనప కుళాయిలు ఎప్పుడూ పారుతుంటాయి, తాగే నీళ్లే. కొసను వేలితో మూస్తే పైనున్న కన్నంలోంచి ఎగజిమ్ముతుంది, సీసా అక్కర్లేకుండా తాగొచ్చు.

గాజువాక_వంటిల్లు
తిండి దగ్గర మోసపోయేది పేర్లతోనే. కార్బొనారా, అమత్రిచానా అనే పాస్తాలు రెండింట్లో పంది దవడ మాంసం ఉంటుంది. కాచో ఎ పెపె పాస్తాలో మాంసం లేదు గానీ, అందులో వేసే పెకొరీనో జున్ను (చీజ్) కోసం పాలను గొర్రెపిల్ల కడుపులోని ఎంజైముతో తోడుపెడతారు. కఠినంగా ఉండేవాళ్లకు అది కూడదు. పిజ్జా మరినారా అంటే చేపలనుకుంటారు. ఉండేది టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె. జున్ను కూడా ఉండదు. తూకం మీద అమ్మే పిజ్జా కొట్లలో చేత్తో ఎంత ముక్కో చూపిస్తే కోసి ఇస్తారు. భోజనశాలలు చాలావరకు మూడింటికి మూసి మళ్లీ ఏడున్నరకు తెరుస్తాయి, కనుక ఒంటిగంటకల్లా తినేయండి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక, కూర్చుంటే ధర పెరుగుతుంది.

ఎంవీపీ_సెక్టార్6
చాలా ఉపయోగం అండి. మరి ట్రెవీ ఎక్కడ పెట్టాలి?

డాల్ఫిన్‌నోస్
రాత్రికి. పగలు అక్కడ ఫొటోకు కాదు, నిలబడ్డానికే చోటు దొరకదు. కొలోసియం నుంచి మెట్రో ‘B’ లైనులో రెండో స్టేషన్ టెర్మినీ. గదిలో కాళ్లు చాపుకుని, భోంచేసి, తొమ్మిది దాటాక మెట్రో ‘A’ లైనులో బార్బెరీనీ వెళ్లండి, పది నిమిషాల నడక. టికెట్ 1.50 యూరో, 100 నిమిషాలు చెల్లుతుంది. బస్సెక్కితే యంత్రంలో ముద్ర వేయించడం మర్చిపోవద్దు, చేతిలో టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది.