షించాన్ కార్టూన్ చూసి ఎదురు మాట్లాడుతున్నాడు, టీవీ మాన్పించాలా?

మారతహళ్లి అమ్మ: మొన్న మా అత్తగారు మజ్జిగ తెమ్మంటే మా ఐదేళ్లవాడు నడుం తిప్పుతూ, ముక్కుతో సాగదీస్తూ "నువ్వే తెచ్చుకో" అన్నాడు. అచ్చం షించానే. ఆవిడ చూపంతా నా మీదే! ఈ బెంగళూరు ఫ్లాట్లో టీవీ కట్టేస్తే ఆడుకోవడానికి కార్ పార్కింగే గతి. ఏం చేయమంటారు?

వైట్‌ఫీల్డ్ బాబాయ్: ఈ గోల కార్టూన్లోనే ఉందమ్మా. 1990 నాటి అమెరికా కార్టూన్ 'ది సింప్సన్స్' ఎపిసోడ్‌లో పసిపాప మ్యాగీ, టీవీలో పిల్లీ ఎలుకా కొట్టుకోవడం చూసి తండ్రి నెత్తిన సుత్తితో ఒక్కటిస్తుంది. తల్లి మార్జ్ పోరాడి ఆ కార్టూన్‌ని సాధువుగా మార్పిస్తుంది. పిల్లలు విసుగెత్తి వీధిలోకి పరిగెడతారు. అక్కడే ఆపేస్తే నీతికథ. తర్వాత మార్జ్‌తో కలిసి పోరాడిన జనమే, ఒంటి మీద బట్టల్లేని మైఖెలాంజెలో డేవిడ్ విగ్రహాన్నీ అడ్డుకోమంటారు. మార్జ్‌కేమో ఆ శిల్పం ఇష్టం! నాకు నచ్చింది ఆ ఇరకాటమే.

బీటీఎం అక్క: విగ్రహం సరే బాబాయ్, మజ్జిగ మాటేంటి? పక్కన కూర్చుని చూడమ్మా. "ఇప్పుడు షించాన్‌ని వాళ్లమ్మ ఏం చేస్తుంది?" అని అడుగు. మా అమ్మాయి ఠక్కున "మొట్టికాయ" అనేది.

మారతహళ్లి అమ్మ: అడిగాను అక్కా. "నానమ్మకి చెప్తుంది" అన్నాడు!