చెరువు జాడ పట్టాలంటే పాత బ్లాక్ అండ్ వైట్ ఏరియల్ ఫోటోనా, శాటిలైటా, లైడారా?

బెల్లందూర్_బాబు
బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నిన్నట్నుంచి ఇదే రచ్చ. పక్క ఖాళీ జాగా ఒకప్పుడు చెరువని ఒకాయన, కాదు మొదట్నుంచీ పొలమేనని ఇంకొకాయన. ఒకరు విమానంలోంచి తీసిన పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో పెడితే "ఈ బూజు ఎవడిక్కావాలి, కలర్ శాటిలైట్లు, డ్రోన్లు, లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచే లైడార్ ఉండగా" అని నవ్వేశారు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

కట్టమీద_రెడ్డి
బాబూ, ఉన్నది చూడాలంటే మీ లైడారే, పోయింది చూడాలంటే ఆ బూజే దిక్కు. అమెరికా వాళ్ళ మొదటి లాండ్‌శాట్ శాటిలైట్ ఎగిరింది 1972లో, దాని ఒక్కో పిక్సెల్ నేల మీద దాదాపు 80 మీటర్లు, అందులో చెరువుల్ని కలిపే రాజకాలువ యాడ కనిపిస్తాది? మన దేశం శాటిలైట్ ఐఆర్‌ఎస్-1ఏ 1988, అదీ 72 మీటర్లు, దాంట్లోనే ఇంకో కెమెరా 36. కాస్త వీధులు తెలిసేట్టు 5.8 మీటర్లది రావడానికి 1995 దాకా ఆగాల్సొచ్చింది, ఐఆర్‌ఎస్-1సీ, అదీ బ్లాక్ అండ్ వైటే కదా మరి. విమానం ఫోటో అట్ల కాదు, 152 మిల్లీమీటర్ల లెన్సుతో మూడు వేల మీటర్ల ఎత్తు నుంచి తీస్తే స్కేలు సుమారు 1:20,000, భూతద్దం పెడితే చెట్టు చెట్టూ లెక్కపెట్టొచ్చు. కట్ట సన్నటి తెల్ల గీత, దాని వెంబడే నీడ నల్ల గీత, తూము దగ్గర్నుంచి విడిపోయే కాలవ, దానికింద ఆయకట్టు మడులు ముదురు బూడిద రంగులో, ఒకసారి కన్ను అలవాటు పడితే ఇంక తప్పించుకోలేవు.

పిక్సెల్_పద్మ
రెడ్డి గారూ, ఆ గీతలు మీకు కనపడతాయి, అందరికీ కాదు. బ్లాక్ అండ్ వైట్‌లో నీళ్ళు నల్లగానే ఉంటాయని గ్యారంటీ లేదు, ఎండ తిరిగి కెమెరాలోకి కొడితే తెల్లగా మెరుస్తాయి. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువైతే పచ్చిక మైదానం అనుకుంటారు. పైగా ఈ సర్వేలు ఆకాశం తేటగా ఉన్న ఎండు నెలల్లోనే ఎక్కువ ఎగిరేవి, అప్పటికి చెరువు ఎండి లోపల ఎవరో సాగు చేసుకుంటూ ఉంటారు, అంటే ఆ ఫోటో "మొదట్నుంచీ పొలమే" అన్నాయనకే సాక్ష్యం అయిపోద్ది 😀 కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పట్టే బ్యాండ్ ఉంటే నీళ్ళు నల్లగా, ఆకు వెలుగుతూ విడిగా తెలిసిపోతాయి. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 అయితే రెండు శాటిలైట్లు కలిపి 5 రోజులకోసారి, 10 మీటర్లు, ఫ్రీ. మబ్బులుంటే వాటిలోంచీ చూసే సెంటినెల్-1 రాడార్. ఏడాది పొడుగునా చూసుకోవచ్చు, ఒక్క రోజు ఫోటో పట్టుకుని కొట్లాడక్కర్లేదు.

కట్టమీద_రెడ్డి
సెంటినెల్‌లు 2014 తర్వాతవి కదమ్మా. అప్పటికి ఆ జాగాలో ఏముంటాది, లేఅవుట్ రాళ్ళు. నీళ్ళు చూడొద్దు, కట్ట చూడు అంటున్నా నేను. నీళ్ళు ఎండుతాయి, కట్ట ఎండాకాలం కూడా అక్కడే ఉంటాది. వరస ఫోటోలు 60 శాతం ఒకదాని మీద ఒకటి పడేట్టు తీస్తారు, ఆ జతని స్టీరియోస్కోప్ కింద, అంటే రెండు కళ్ళకీ రెండు ఫోటోలు విడివిడిగా చూపే అద్దాల కింద పెడితే కట్ట లేచి నిలబడతాది.

డ్రోన్_చందు
లైడార్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి బ్రో. చెట్ల సందుల్లోంచి కొన్ని లేజర్ పల్సులు నేలదాకా దిగుతాయి, తోట కింద దాక్కున్న పాత కట్ట కూడా దొరుకుద్ది. కాకపోతే జేసీబీ చదును చేశాక అదీ చేతులెత్తేస్తుంది. మెజెస్టిక్ బస్టాండు ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు, అక్కడ లైడార్ ఎగరేస్తే నీకొచ్చేది బస్టాండూ స్టేడియమే.

పిక్సెల్_పద్మ
అది ఒప్పుకుంటా. బాబు గారూ, ఆ ఏరియల్ ఫోటో అంచున తేదీ ఉందా? అసలు మొదట అడగాల్సింది అది.

బెల్లందూర్_బాబు
అంచు కత్తిరించేసి పెట్టారండీ, ఒట్టి మధ్య భాగమే.

పిక్సెల్_పద్మ
మరి ఇంకేం, స్కేలూ లేదు తేదీ లేదు. కొరోనా వెతకండి, వైరస్ కాదు, 1960 నుంచి 72 దాకా అమెరికా గూఢచారి శాటిలైట్లు, ఫిలిం డబ్బాని పారాచూట్‌తో వదిలితే విమానం గాల్లోనే అందుకునేది. 1995లో రహస్యం ఎత్తేశారు. చివరి కెమెరాలు దాదాపు 2 మీటర్ల దాకా చూపిస్తాయి, అమెరికా భూగర్భ సర్వే (యూఎస్‌జీఎస్) వాళ్ళ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్లో స్కాన్ అయినవి ఫ్రీ. ఫ్రేము చివర్లు సాగిపోయి ఉంటాయి, మ్యాపు మీద కూర్చోబెట్టడానికి కాస్త తంటా పడాలి. బెంగళూరులో సెప్టెంబర్, అక్టోబర్ వానలే ఎక్కువ కాబట్టి నవంబర్ ఫ్రేము దొరికితే అదృష్టం.

కట్టమీద_రెడ్డి
అదీ బ్లాక్ అండ్ వైటే తల్లీ 🙏

పిక్సెల్_పద్మ
బ్లాక్ అండ్ వైట్ అని నేనెప్పుడు వద్దన్నాను, ఒక్క ఫోటో చాలంటే వద్దన్నాను.

బెల్లందూర్_బాబు
మా జాగా మీద 1960ల చివరి ఫ్రేములు రెండు మూడు చూపిస్తోంది, అన్నీ ఇంకా స్కాన్ కానివేనేమో, కొనాలి అంటోంది. గ్రూపులో చందా అడిగితే ఇస్తారంటారా?

డ్రోన్_చందు
పొలం అన్నాయన్నే ముందు అడుగు.