మొదటి మోడల్ ఇంజిన్: పెట్రోల్‌తో మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న (మిర్యాలగూడ): మొదటిసారి చిన్న ఇంజిన్ చేద్దామనుకుంటున్న. పెట్రోల్‌ది చెయ్యొచ్చా? లేత్ పని బయట చేయించాలె.

జవాబు (నల్లగొండ): పెట్రోల్ ఇప్పుడే వద్దు తమ్మీ. కంప్రెషన్, స్పార్క్, కార్బ్యురేటర్ మూడూ ఒక్కసారే కుదరాలె. గాలితో నడిచే ఊగే సిలిండర్ ఇంజిన్ చెయ్యి, దానికి వేరే వాల్వులే ఉండవు. సిలిండర్ ప్లేటుకు ఆనుకొని పివట్ (ఇరుసు) మీద ఊగుతుంటే, దాని రంధ్రం ప్లేటుల గాలి వచ్చే రంధ్రానికి ఒకసారి, పోయే రంధ్రానికి ఒకసారి ఎదురైతది. ఇత్తడి సిలిండర్, బోరు (లోపలి వ్యాసం) 12 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 20. అంటే పిస్టన్ రాడ్ తగిలే క్రాంక్ పిన్, షాఫ్ట్ సెంటర్‌కు 10 దూరం. బోరుకు డ్రిల్లు కొట్టినంక ఆఖరుకు రీమర్ (రంధ్రాన్ని నునుపుగ, సరైన సైజుకు తెచ్చే పనిముట్టు) పెట్టించు, ఉత్త డ్రిల్లుతో గుండ్రంగ రాదు.

జవాబు (మహబూబ్‌నగర్): అసలు పనంత రంధ్రాల కాడనే. పివట్ నుంచి షాఫ్ట్ సెంటర్ 50, సిలిండర్ రంధ్రం పివట్‌కు అవతలి దిక్కు 15 మి.మీ. పెట్టు. 15 × 10 ÷ 50, అంటే రంధ్రం అటు 3, ఇటు 3 ఊగుతది. ప్లేటు రంధ్రాలు సరిగ్గ ఆడనే, సెంటర్ల నడుమ 6. అన్నిటికీ 2.5 డ్రిల్లే. 3.5 కొట్టినవో, డెడ్ సెంటర్ (పిస్టన్ ఒక కొసకు చేరిన చోటు) కాడ మూడూ కలిసిపోయి గాలి వచ్చింది వచ్చినట్టే బయటికి పోతది, ఇంజిన్ కదలదు.

ప్రశ్న: ప్లేటుకూ సిలిండర్‌కూ నడుమ గాలి కారితే?

జవాబు (నల్లగొండ): రంధ్రాల అంచుల డ్రిల్లుకు లేచిన గరుకు (బర్) తీసి, అద్దం మీద 400, తర్వాత 800 నంబర్ వాటర్ పేపర్ పరిచి రెండు మొఖాలూ రుద్దు. పివట్ స్ప్రింగ్ మరీ బిగిస్తే ఊగదు, వదులైతే సిలిండర్ లేస్తది. పంచర్ షాపు కంప్రెసర్ నేరుగ తగిలించకు. రెగ్యులేటర్ పెట్టి 15–20 పీఎస్ఐ చాలు.