ఖర్చు పెరిగితే కాంట్రాక్టర్‌కి లాభమైతే, తగ్గించమని అడిగేదెవరు?

తూర్పుకిటికీ:
ఇరాక్ యుద్ధం గురించి ఈ మధ్యే వివరంగా చదవడం మొదలుపెట్టాను. 2003లో అమెరికా సైన్యం అక్కడికి వెళ్లినప్పుడు వంట, బట్టలు ఉతకడం, ట్రక్కులు నడపడం, క్యాంపుల్లో కరెంటు, నీళ్లు, చాలావరకు ప్రైవేటు కంపెనీల చేతుల్లోనే పెట్టారు. సైనికుడు యుద్ధం చేయాలి గానీ గిన్నెలు కడగడం ఎందుకు, ప్రైవేటువాళ్లయితే చవకగా చేస్తారు కదా అన్నది అప్పటి వాదన. వినడానికి సబబుగానే ఉంది. కానీ అమెరికా కాంగ్రెస్ వేసిన వార్‌టైమ్ కాంట్రాక్టింగ్ కమిషన్ 2011లో ఇచ్చిన నివేదిక చూస్తే తల తిరిగింది. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో కాంట్రాక్టుల డబ్బులో వృథా, మోసం కింద పోయింది 3,100 కోట్ల డాలర్ల నుంచి 6,000 కోట్ల డాలర్ల మధ్య ఉంటుందట. అంటే ఎంత పోయిందో కూడా ఇదమిత్థంగా చెప్పలేనంతగా పోయింది.

నా ప్రశ్న ఇదీ. ఇది కొందరు దొంగల పనా, లేక కాంట్రాక్టు రాసుకున్న తీరులోనే ఉందా? సైనికులకు మంచి జరగడానికే ఇదంతా అన్నారు కదా, మరి వాళ్లకు నిజంగా ఏం జరిగింది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జమాఖర్చు:
బిల్లులు తనిఖీ చేసే ఉద్యోగంలో చాలా ఏళ్లు ఉన్నాను, యుద్ధానికి సంబంధించినవి కాదు గానీ పద్ధతి ఎక్కడైనా ఒకటే, అందుకని ఈ మొదటి భాగం వరకు నేను చెప్పగలను. మీరు చెప్పిన వంట, లాండ్రీ, ట్రక్కుల పని ఎక్కువగా లాగ్‌క్యాప్ అనే ఒకే ఒక్క పెద్ద కాంట్రాక్టు కింద నడిచింది. 2001 డిసెంబరులో అది కేబీఆర్‌కి దక్కింది, అప్పట్లో అది హాలిబర్టన్ అనే పెద్ద అమెరికన్ చమురు సేవల కంపెనీకి అనుబంధ సంస్థ. అది కాస్ట్-ప్లస్ పద్ధతి. అంటే అయిన ఖర్చంతా ప్రభుత్వం తిరిగి ఇచ్చేస్తుంది, దాని పైన 1 శాతం ఖాయంగా ఫీజు, పని బాగుందనుకుంటే మరో 2 శాతం దాకా బహుమతి.

మూడు శాతమే కదా అనిపిస్తుంది. ఇక్కడే ఆగి ఆలోచించాలి. అసలు ఖర్చు మీద నేరుగా ఇంత శాతం అని ఇవ్వడాన్ని అమెరికా చట్టం ఒప్పుకోదు, అలా ఇస్తే ఖర్చు పెంచుకుంటూ పోతారని వాళ్లకూ తెలుసు. అందుకని పని మొదలయ్యే ముందు ఒక అంచనా ఖర్చు ఖాయం చేసుకుని, ఆ అంచనా మీదే ఫీజు లెక్కకట్టాలి. కానీ ఇరాక్‌లో చాలా పనులకు ఆ అంచనా నెలల తరబడి ఖాయం చేయలేదు, పని జరిగిపోతూనే ఉంది, డబ్బు ఖర్చయిపోతూనే ఉంది, ఆ తర్వాత కూర్చుని అంచనా రాసుకున్నారు. అప్పటికే అయిపోయిన ఖర్చునే అంచనా అని రాస్తే, చట్టం దేన్నయితే వద్దందో సరిగ్గా అదే జరిగినట్టు కదా! ఎవరూ దొంగ సంతకం పెట్టక్కర్లేదు, కేవలం ఆలస్యం చేస్తే చాలు.

దొంగ బిల్లుల మాటా లేకపోలేదు. కువైట్, ఇరాక్ క్యాంపుల్లో తినని భోజనాలకు కూడా కేబీఆర్ బిల్లు వేసిందని పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) ఆడిటర్లు పట్టుకున్నారు. ఎంతమందికి వండమన్నారో అంతమందికీ వండాం అని కంపెనీ వాదించింది, చివరికి 2005లో 5.5 కోట్ల డాలర్లు వదులుకుని రాజీ పడింది. కువైట్ నుంచి ఇరాక్‌కి పెట్రోలు తెచ్చిన వ్యవహారంలో 6.1 కోట్ల డాలర్లు ఎక్కువ వేశారని 2003 డిసెంబరులో అదే ఆడిటర్లు చెప్పారు. ఆ చమురు కాంట్రాక్టులో వాళ్లు అభ్యంతరం చెప్పిన మొత్తం 25 కోట్ల డాలర్లు దాటింది. అయినా 2006లో సైన్యం అందులో దాదాపు అంతా చెల్లించేసింది. ఒక ఆడిటర్‌గా నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. కష్టపడి తప్పు పట్టుకుని కాగితం మీద పెడతాం, పైవాడు చదివి పక్కన పెట్టి సంతకం చేస్తాడు.

నీలిసిరా:
జమాఖర్చు గారూ, అలా పక్కన పెట్టి ఊరుకోనివాళ్లు కూడా ఉన్నారండి, వాళ్లకేం జరిగిందో చూస్తే తూర్పుకిటికీ గారికి జవాబు దొరుకుతుంది.

బన్నటైన్ గ్రీన్‌హౌస్ అమెరికా సైన్యం తరఫున నిర్మాణ పనులు చూసే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌లో కాంట్రాక్టుల విషయంలో అందరికన్నా పై అధికారి. ఇరాక్ చమురు పనుల కోసం పోటీ లేకుండా ఐదేళ్లపాటు, 700 కోట్ల డాలర్ల దాకా కేబీఆర్‌కి కట్టబెడుతుంటే, ఐదేళ్లు ఎందుకు అని ఆవిడ అభ్యంతరాన్ని తన సంతకం పక్కనే పెన్నుతో రాసింది. 2005 జూన్‌లో బహిరంగంగా సాక్ష్యం చెప్పింది, ఆగస్టుకల్లా పదవి నుంచి దించేశారు. దాని మీద ఆవిడ వేసిన కేసు 2011లో 9,70,000 డాలర్లకు రాజీ అయింది. ఆరేళ్లు!

ఇంకొకాయన చార్లెస్ స్మిత్, లాగ్‌క్యాప్ కాంట్రాక్టును సైన్యం తరఫున చూసుకునే సివిలియన్ అధికారి. 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుకు సరైన లెక్క చూపలేదని 2004లో చెల్లింపుకు ఒప్పుకోలేదు. ఆయన్ని ఆ పని నుంచి తప్పించారు, చెల్లింపులు మాత్రం సాగిపోయాయి. సైన్యం చెప్పుకున్న కారణం వినండి, డబ్బు ఆపితే సైనికులకు సరఫరాలు ఆగిపోతాయట. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సైనికుడి భోజనం కంపెనీ చేతిలో ఉన్నంతకాలం, ఇంత ఎందుకయిందని అడిగిన ప్రతి అధికారినీ సైనికుల నోటి దగ్గర కూడు లాగేసేవాడి కింద జమకడతారు.

పడవలరేవు:
కంపెనీలనే అంటే సరిపోదు అని నా అభిప్రాయం. 1990లలో సైన్యం తన సొంత కాంట్రాక్టు అధికారులను బాగా తగ్గించుకుంది, ఆ తర్వాత రెండు యుద్ధాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. 2008 నాటికి ఇరాక్‌లో దాదాపు సైనికులెంతమందో కాంట్రాక్టు మనుషులూ అంతమంది. చూసుకునేవాళ్లే లేకుండా పని అప్పగించింది ప్రభుత్వం. అదీగాక కాంట్రాక్టర్ అంటే లాభాలు లెక్కపెట్టుకునే పెద్దమనిషి ఒక్కడే కాదు. గిన్నెలు కడిగింది, ట్రక్కులు తోలింది సబ్ కాంట్రాక్టుల కింద వచ్చిన పేద దేశాలవాళ్లు, 2004 ఆగస్టులో ఇరాక్‌లో మిలిటెంట్లు పట్టుకుని చంపిన 12 మంది నేపాలీలు కూడా పని కోసం వెళ్లినవాళ్లే. వాళ్ల కష్టం విలువ ఆ బిల్లుల్లో ఎంత ఉంటుందో అదీ ఆలోచించండి.

ఎర్తువైరు:
సైనికులకు ఏం జరిగింది అన్న ప్రశ్నకు నేను చెప్తాను. నాది కరెంటు పని, కాబట్టి ఈ కేసు చదివాక చాలా రోజులు మనసులోంచి పోలేదు.

2008 జనవరి 2న బాగ్దాద్‌లో సైనికులు ఉంటున్న ఒక భవనంలో 24 ఏళ్ల సార్జెంట్ స్నానం చేస్తూ షాక్ కొట్టి చనిపోయాడు. పైన ఉన్న నీళ్ల పంపు షార్ట్ అయింది, దానికి ఎర్తింగ్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే తీగ) లేదు, కరెంటు నీళ్ల పైపుల్లోకి వచ్చేసింది. మా పనిలో చేరిన కుర్రాడికి మొదటి వారంలో నేర్పేది ఎర్తింగే. ఇంతకన్నా ఘోరం ఏంటంటే, దాదాపు ఏడాది ముందే కేబీఆర్ కంపెనీ ఆ భవనాన్ని తనిఖీ చేసి కరెంటు పనిలో లోపాలున్నాయని రాసింది. కానీ వాళ్ల కాంట్రాక్టు ప్రకారం ఏదైనా చెడిపోయిందని చెప్తే వచ్చి బాగుచేయాలి, చెడిపోకముందే సరిచేసే బాధ్యత అందులో లేదు. లోపం రాసి ఉంచారు, సరిచేయమని చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, చెప్పకపోతే చేయాల్సిన పని లేదని వీళ్లు ఊరుకున్నారు. పెంటగాన్ లోపలి తప్పులను విచారించే ఇన్‌స్పెక్టర్ జనరల్ 2009 నివేదిక కంపెనీనీ సైన్యాన్నీ ఇద్దరినీ తప్పుపట్టింది. క్రిమినల్ కేసు మాత్రం ఎవరి మీదా పడలేదు. ఇరాక్‌లో అలా షాక్‌తో పోయిన 18 మంది మరణాలను వాళ్లు పరిశీలిస్తే, అందులో సగం ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడం, పరికరాలు బాగాలేకపోవడం వల్ల జరిగినవే.

పడవలరేవు గారూ, మీరన్నది నిజమే, ప్రభుత్వం తప్పు ఉంది. కానీ కళ్లెదుట ప్రమాదం కనిపించాక, నా కాంట్రాక్టులో లేదు అని వెళ్లిపోయే పనివాణ్ని నేనైతే క్షమించలేను.

తూర్పుకిటికీ:
అందరికీ చాలా థాంక్స్. ఎర్తువైరు గారు రాసింది రెండుసార్లు చదివాను. ఇంకొక్క సందేహం, డబ్బు మిగలడానికే ప్రైవేటుకి ఇచ్చారు కదా, కాపలా పనిలోనైనా మిగిలిందా? జీతాల్లో అంత తేడా ఉందంటారు, నిజమేనా?

జమాఖర్చు:
నిజమే. 2007లో అమెరికా కాంగ్రెస్ కమిటీ బయటపెట్టిన లెక్క ప్రకారం బ్లాక్‌వాటర్ అనే ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీ ఒక్క గార్డుకి రోజుకి 1,222 డాలర్లు ప్రభుత్వానికి బిల్లు వేసేది. అదే సైన్యంలో సార్జెంట్ మీద జీతభత్యాలన్నీ కలిపి రోజుకి సుమారు 140 నుంచి 190 డాలర్లు. సైనికుడి శిక్షణ, పెన్షన్, వైద్యం కలిపితే తేడా కొంత తగ్గుతుందని వాదించేవాళ్లున్నారు, తగ్గొచ్చు కూడా. కానీ గార్డుల్లో చాలామంది సైన్యంలో శిక్షణ పొంది వచ్చినవాళ్లే, ఆ శిక్షణకు డబ్బు కట్టిందీ పన్ను కట్టేవాళ్లే.

నీలిసిరా:
వైద్యం మాట వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్తాను. ఇరాక్, అఫ్గానిస్తాన్ క్యాంపుల్లో ప్లాస్టిక్కు, బ్యాటరీలు, మందులు, ఏదైతే అది గోతుల్లో వేసి తగలబెట్టేవారు, వాటిలో చాలావాటిని నడిపింది కాంట్రాక్టర్లే. ఆ పొగ పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయాయని సైనికులు వేసిన దావాలను కోర్టులు కొట్టేశాయి, తగలబెట్టాలన్న నిర్ణయం సైన్యానిది, యుద్ధ నిర్ణయాల మీద తీర్పు చెప్పడం కోర్టుల పని కాదు అని. 2019లో సుప్రీంకోర్టు కూడా వినడానికి ఒప్పుకోలేదు. వాళ్ల వైద్యానికీ పరిహారానికీ 2022 ఆగస్టులో పాక్ట్ చట్టం వచ్చింది, ఆ డబ్బు కంపెనీల దగ్గర వసూలు చేసింది కాదు, ప్రభుత్వ ఖజానాదే. గోతులు తగలబెట్టినందుకు ఒకసారి కట్టారు, ఆ పొగకు మందులకోసం ఇప్పుడు మళ్లీ కడుతున్నారు.